వాయించే మరబొమ్మలు: శబ్దం ఎక్కడిది, కదలిక ఎక్కడిది?

వేదిక మీద ఒక ఎలుక పాడుతుంది. కోడిపెట్ట గొంతు కలుపుతుంది. కుక్క గిటారు మీటుతుంది, మీసాల వంటవాడు డ్రమ్ములు వాయిస్తాడు. ఎదురుగా బల్లల దగ్గర పిల్లలు పిజ్జా తింటుంటారు. అమెరికాలో 'చకీ చీజ్' అనే పిజ్జా హోటళ్లలో దాదాపు యాభై ఏళ్లు సాగిన వినోదం ఇది. అక్కడున్న బంధువులు పంపిన పుట్టినరోజు ఫోటోల్లో మీలో కొందరు ఈ ఎలుకను చూసే ఉంటారు. ఇంగ్లీషులో వీటిని యానిమేట్రానిక్స్ అంటారు. ఈ పాఠంలో మనం మరబొమ్మలు అనే అందాం.

ఇలాంటి ఏ యంత్రం ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది? కదలిక ఎక్కడి నుంచి వస్తోంది? ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? మొదట మన ఊళ్లో చూద్దాం.

నేనుండే నందిగామ వైపు గుళ్లలో, బహుశా మీ ఊరి గుడిలో కూడా, హారతి వేళకు పూజారి గారు గోడ మీది స్విచ్ వేస్తారు. మూలన ఇనుప చట్రంలో ఉన్న నగారా మోగుతుంది, గంట ఊగుతుంది, తాళాలు ఒకదానికొకటి తగులుతాయి. వీటిని ఆడించేది కరెంటు మోటారు. అది తిరుగుతుంటే, ఇరుసుకు తగిలించిన కడ్డీలు ముందుకూ వెనక్కూ ఆడి కర్రలను లేపి నగారా మీద వేస్తాయి. గుండ్రంగా తిరిగే కదలికను కొట్టే కదలికగా మార్చడమే ఇందులోని కిటుకు. శబ్దం మాత్రం నిజమైనది. కర్ర నిజంగానే నగారాను కొడుతోంది. లేనిదల్లా వాయించేవాడి ముఖం.

ఆ ముఖం కూడా ఉన్న యంత్రాన్ని చూడాలంటే హైదరాబాదు బస్సెక్కాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం 19వ శతాబ్దం నాటిది, కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరున్నది. గంట పూర్తయ్యే వేళకు అందులోంచి గడ్డపు మనిషి బొమ్మ ఒకటి బయటకు వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. మధ్యాహ్నం 12 గంటలకు వెళ్లండి, పన్నెండు దెబ్బలూ వినవచ్చు. ఇక్కడ బొమ్మ ఉంది, అది చేసే శబ్దమూ నిజమే. వేళను నిర్ణయించేది గడియారం.

పిజ్జా హోటలు బొమ్మల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. కుక్క చేతిలోని గిటారు మోగదు. పాట ముందే స్టూడియోలో మనుషులు పాడి, వాయించి, రికార్డు చేసినది. అది స్పీకర్లలోంచి వస్తుంది. బొమ్మ చేసేది అభినయం. మన సినిమాలో నాయిక పెదవులు కదిపితే పాట నేపథ్య గాయనిది అయినట్లే.

మరి కదలిక? సైకిలు పంపును తిరగేసి ఊహించుకోండి. పంపులో మనం పిడిని తోస్తే గాలి బయటకు వస్తుంది. ఇక్కడ కంప్రెసర్ నుంచి గాలి వస్తే పిడి కదులుతుంది. ఆ పిడికి బొమ్మ కనురెప్పనో, దవడనో, మోచేతినో తగిలిస్తారు. ఆర్టీసీ ఏసీ బస్సు తలుపు 'ఉస్'మంటూ తెరుచుకోవడం గమనించారా? సూత్రం అదే. పాటకూ కదలికకూ జత కుదిర్చేది టేపు. 1980లో ప్రారంభమైన 'షోబిజ్ పిజ్జా ప్లేస్' హోటళ్ల కోసం ఆరన్ ఫెక్టర్ తయారుచేసిన 'రాక్-అఫైర్ ఎక్స్‌ప్లోజన్' అనే బొమ్మల బృందానికి నాలుగు ట్రాకుల టేపు వాడేవారు. రెండు ట్రాకుల్లో పాట ఉండేది, మిగిలిన రెండింటిలో చెవికి వినిపించనివ్వని సంకేతాలు. ఒక్కో సంకేతం ఒక్కో గాలి కవాటాన్ని తెరిచేది, మూసేది. పాటా సంకేతాలూ ఒకే టేపు మీద ఉన్నాయి కాబట్టి పెదవి పాటను తప్పేది కాదు. నా దృష్టిలో ఈ మొత్తం ఏర్పాటులో తెలివైన పని ఇదే. బొమ్మల ముఖాలు అంత అందమైనవేమీ కావు, కొందరు పిల్లలు జడుసుకునేవారు కూడా.

ఇదంతా పిజ్జా హోటల్లోనే ఎందుకు? పిజ్జా కాలడానికి సమయం పడుతుంది, పిల్లలు ఊరుకోరు. వీడియో గేముల సంస్థ అటారీ స్థాపకుల్లో ఒకరైన నోలన్ బుష్నెల్ 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మొదటి హోటలు తెరిచాడు. ఎదురుచూసే ఆ కాసేపూ పిల్లలు బొమ్మలు చూస్తారు, గేములాడతారు, ఆ డబ్బూ హోటలుకే వస్తుంది. అంతకుముందే 1963లో డిస్నీల్యాండ్‌లో పాడే పక్షుల మరబొమ్మల గది తెరిచారు. దాన్ని కూడా మొదట భోజనశాలగానే తలపెట్టారు.

ఇప్పుడు మూడో ప్రశ్న. మన తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి బొమ్మను ఆడిస్తూ, తనే మాట్లాడుతూ, పాడుతూ, కాలితో చెక్కను తొక్కి చప్పుడు చేస్తాడు. జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వస్తే ఆ ఊరి సంగతులే హాస్యమవుతాయి. జనం నవ్వితే ఆ ఘట్టం ఇంకాస్త సాగుతుంది. టేపుకు జనం నవ్వారో లేదో తెలియదు. గుడి నగారాకూ అంతే. సన్నాయి మేళం ఉన్న గుడిలో డోలు వాయించేవారి చూపు హారతి పళ్లెం మీద ఉంటుంది. హారతి పైకి లేస్తుంటే దెబ్బ వేగం పెరుగుతుంది. మోటారుది ఒకటే వేగం. హారతి ముగిసిందని దానికి తెలియదు కాబట్టి స్విచ్ ఆపడానికి ఒక మనిషి కావాలి. యంత్రం వచ్చి మేళం వారి పొట్ట కొట్టిందని కొందరంటారు. అది సగం నిజమే. రోజూ మేళం పెట్టుకునే తాహతు చాలా చిన్న గుళ్లకు ముందు నుంచీ లేదు. కానీ తాహతున్న గుడి కూడా స్విచ్‌తో సరిపెట్టుకున్నప్పుడు, ఒక కుటుంబం తన పిల్లవాడికి డోలు నేర్పాలా వద్దా అని ఆలోచనలో పడుతుంది. పిజ్జా హోటలు కూడా మనిషి లేకుండా నడవలేదు. పుట్టినరోజు పిల్లవాడి దగ్గరికి వచ్చి చేయి కలపడానికి ఎలుక వేషం వేసుకున్న ఉద్యోగి ఉండేవాడు.

1984లో బుష్నెల్ సంస్థ దివాలా తీసింది; పోటీదారైన షోబిజ్ దాన్ని కొనుక్కుంది. చివరికి చకీ పేరే నిలిచింది. 2024లో ఆ సంస్థ చాలా శాఖల నుంచి మరబొమ్మలను తీసేసి తెరలు, డాన్సు చేసే చోటు పెడుతున్నట్లు ప్రకటించింది. నార్త్‌రిడ్జ్ వంటి కొద్ది చోట్లే వాటిని ఉంచింది. గాలి గొట్టాలు, కవాటాలు అరిగేవి. వాటిని బాగుచేసే మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. తెరకు ఆ బాధ లేదు.

అభ్యాసం: మీ ఊరి గుడిలో ఇలాంటి నగారా ఉంటే, పూజారి గారి అనుమతి తీసుకుని స్విచ్ ఆపి ఉన్నప్పుడు దగ్గరగా చూడండి. మోటారు నుంచి కర్ర దాకా కదలిక ఏ దారిన వెళుతోందో బొమ్మ గీయండి. ఆ యంత్రం రాకముందు అక్కడ ఎవరు వాయించేవారో పెద్దవారిని అడిగి, ఒక పేజీకి మించకుండా రాయండి.