స్టీరింగ్ ఆడుతుంటే స్క్రూ బిగించొద్దు, ముందు ఎక్కడ ఆడుతోందో వెతకండి

ఈసారి పురుగు గురించి కాదు, పురుగుకు ఆకు మోసే బండి గురించి రాస్తున్నా. మన గ్రూపులో పాత జీపులు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. తోటలోంచి ఆకు తేవాలన్నా, హగరి ఇసుకలో దిగి అవతలి గట్టు ఎక్కాలన్నా, వానాకాలం నల్లరేగడి దారిలో పోవాలన్నా నాలుగు చక్రాలు తిరిగే బండే దిక్కు. అట్లాంటి బండికి ఇంజన్ ఆగిపోతే తోసుకుంటూ వస్తాం. స్టీరింగ్ పోతే మాత్రం తోసుకుంటూ వచ్చేది ఉండదు.

నా జీపు మహీంద్రాది. 2011లో సుప్రీం కోర్టు బళ్లారి గనులు ఆపించినప్పుడు, గనుల దగ్గర తిరిగే బండ్లు చాలా అమ్మకానికి వచ్చాయి. అప్పుడు కొన్నా. ఎర్రదుమ్ములో, గుంతల్లో తిరిగిన బండి, ముందు చక్రాల దగ్గర ఏదీ గట్టిగా లేదు. స్టీరింగ్ ఇంత ఆడేది. పాత బండి అంటే అంతేలే అనుకుని అలవాటు చేసుకున్నా. మన తప్పు అక్కడే మొదలవుతుంది, ఆడే స్టీరింగ్‌కు చేయి అలవాటు పడిపోతుంది.

కొన్నేళ్ల తర్వాత ఒక గ్యారేజీలో చూపిస్తే, బాక్సు పైన ఉన్న స్క్రూని రెండు చుట్లు బిగించి "అయిపోయింది అన్నా" అన్నాడు. నిజమే, ఆట పోయింది. నేను సంతోషపడ్డా. వారం తర్వాత రాయదుర్గం వైపు నుంచి తెల్లవారుజామున చాకీ పురుగులు తెస్తున్నాం. మా అబ్బాయి పక్కన కూర్చుని ట్రేలు ఒళ్లో పెట్టుకున్నాడు. హెచ్చెల్సీ కాలువ గట్టు మీద మలుపు తిప్పాను. మలుపు అయ్యాక చేయి వదులు చేస్తే చక్రం తనంతట తనే నేరుగా రావాలి కదా, రాలేదు. తిరిగిన చోటే పట్టుకుని నిలబడింది. రెండు చేతులా లాగి, బ్రేకు తొక్కేసరికి ముందు చక్రం గట్టు అంచు దాటి గాల్లో ఉంది. కింద కాలువ నిండా నీళ్లు. ట్రేలు జారలేదు, పిల్లోడికి ఏం కాలేదు. ఆ రోజు తర్వాత ఈ బాక్సు లోపల ఏముందో తెలుసుకోకుండా బండి ముట్టుకోకూడదనుకున్నా.

లోపల ఉండేది ఇది. మనం తిప్పే చక్రం కింద ఒక కడ్డీ, దాని చివర మరలాంటి చుట్లు ఉంటాయి, దాన్ని వర్మ్ అంటారు. పాత విల్లీస్ రకం జీపుల్లో ఆ చుట్ల గాడిలో ఒక లీవరు పిన్నులు నడుస్తాయి. తర్వాతి రకంలో వర్మ్ మీద ఒక పెద్ద నట్టు, ఆ రెండింటి మధ్య ఉక్కు బంతులు ఉంటాయి. చక్రం తిప్పితే బంతులు దొర్లుతూ నట్టును ముందుకు వెనక్కు నడుపుతాయి. నట్టుకు ఉన్న పళ్లు సెక్టర్ షాఫ్ట్ అనే అడ్డ ఇరుసును తిప్పుతాయి. ఆ ఇరుసు బయటి కొసకు డ్రాప్ ఆర్మ్, దానికి డ్రాగ్ లింక్, అక్కడి నుంచి టై రాడ్, చక్రాలు. నా జీపులో ఉన్నది ఈ బంతుల రకమే.

ఇప్పుడు అసలు కిటుకు. మనం ఎక్కువసేపు నేరుగా పోతాం. అందుకని పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి, పక్కల్లో కొత్తవాటిలాగే ఉంటాయి. మధ్యలో ఆట పోయేదాకా పై స్క్రూ బిగిస్తే, పక్కకు తిప్పినప్పుడు అరగని పళ్ల దగ్గర బిగుసుకుంటుంది. కాలువ గట్టు మీద నాకు జరిగింది అదే. స్క్రూ ఉన్నది చిన్న సర్దుబాటుకు. అరిగిన బాక్సును కొత్తది చేయడానికి కాదు. బిగించాల్సి వస్తే డ్రాగ్ లింక్ విప్పి, చక్రం సరిగ్గా మధ్యలో పెట్టి, కొంచెం కొంచెం తిప్పాలి. ఆ తర్వాత ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా తిప్పి చూడాలి. మధ్యలో రవ్వంత బరువు తగలొచ్చు, పక్కల్లో ఎక్కడా పట్టకూడదు. పక్కల్లో పట్టకుండా మధ్యలో ఆట పోనే పోదు అంటే ఆ బాక్సు పని అయిపోయినట్టే.

అయితే ఆట అంతా బాక్సుదే అనుకోవద్దు. బాక్సు మార్చినా ఆట పోలేదని తల పట్టుకున్నవాళ్లను చూశా. ముందు ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టండి. బండి నేల మీదే నిలిపి, చక్రాన్ని కుడికి ఎడమకు కొద్దికొద్దిగా ఊపమనండి. మీరు టార్చి పట్టుకుని కింద చూడండి. కడ్డీ తిరుగుతోంది, డ్రాప్ ఆర్మ్ కదలడం లేదంటే తప్పు బాక్సులో. డ్రాప్ ఆర్మ్ కదిలి, డ్రాగ్ లింక్ ఆలస్యంగా కదిలితే ఆ బాల్ జాయింట్ పోయింది. బాక్సే మొత్తంగా ఛాసీ మీద కదులుతుంటే బోల్టులు వదులు, లేదంటే ఛాసీ పట్టీకి చీలిక. దుమ్ము తుడిచి చూడండి, చీలిక సన్నగా వెంట్రుకలా ఉంటుంది. ఆఖరికి ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్, వీల్ బేరింగ్ సంగతి తెలుస్తుంది. ఇదంతా చూసినా అరగంట కూడా పట్టదు. నా బండిలో బాక్సూ పోయింది, రెండు బాల్ జాయింట్లూ పోయాయి.

ఎంత ఆట ఉండొచ్చు అని అడుగుతారు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర ఆట 30 డిగ్రీలు దాటకూడదు. గడియారంలో పన్నెండు నుంచి ఒకటి దాకా ఎంతో అంత. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలని, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాకై ఉండాలని కూడా అందులోనే ఉంది. నన్ను అడిగితే 30 డిగ్రీలు చాలా ఎక్కువ. అందులో సగం దాటితేనే నేను కిందికి దూరి చూస్తా.

ఇంకో చెడ్డ అలవాటు గ్రీజు. సెక్టర్ షాఫ్ట్ దగ్గర సీలు పోయి ఆయిల్ కారుతుంటే, కారకుండా బాక్సు నిండా గ్రీజు కూరుతారు. వర్మ్ తిరిగేకొద్దీ గ్రీజులో ఒక దారి చేసుకుంటుంది, పక్కకు పోయిన గ్రీజు మళ్లీ వచ్చి అంటుకోదు. లోపల ఉక్కు మీద ఉక్కు ఎండగా తిరుగుతుంది. ఈ పాత బాక్సుల్లో పోసేది 90 నంబరు గేర్ ఆయిలే. సీలు మార్చండి, ఆయిల్ పోయండి.

బాక్సు మార్చేటప్పుడు గుజరీ అంగడిదా, కొత్తదా అన్నది మీ డబ్బును బట్టి. నేను ముందు గుజరీలోనే వెతికా. నాలుగు బాక్సులు చూస్తే నాలుగూ మధ్యలో ఆడాయి. ఆడవా మరి, అవీ మన బండ్ల నుంచి ఊడదీసినవే! గుజరీది తీసుకోవాల్సి వస్తే మూత విప్పించి, వర్మ్ గాడిలో చిన్న గుంతలు పడ్డాయా, సెక్టర్ షాఫ్ట్ కొస పళ్లు నలిగాయా చూడండి. మూత విప్పనివ్వకపోతే వద్దు. నేను చివరికి కొత్తదే వేయించా. పాత బాక్సును వెంట తీసుకుపోయి, బోల్టు రంధ్రాలు, షాఫ్ట్ పళ్లు, డ్రాప్ ఆర్మ్ ఏ వైపు వస్తుందో పక్కపక్కన పెట్టి చూసుకుని కొన్నా. పేరు ఒకటే అయినా లోపల తేడాలు ఉంటాయి.

విప్పే ముందు డ్రాప్ ఆర్మ్ మీద, షాఫ్ట్ మీద ఒక గీత గీసుకోండి. డ్రాప్ ఆర్మ్ తీయడానికి పుల్లరే వాడాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా లోపలి బేరింగులకు తగులుతుంది. గ్యాసుతో కాల్చడం అంతకన్నా పాపం, కాలిన ఉక్కు గట్టిదనం పోతుంది. డ్రాప్ ఆర్మ్‌కు గానీ లింకులకు గానీ వెల్డింగ్ అసలు పెట్టించొద్దు, వంగినా విరిగినా మార్చడమే. బాక్సు చేతిలో ఉన్నప్పుడు చక్రాన్ని జోరుగా కొసకు తిప్పి కొట్టొద్దు, బంతులు తిరిగే గొట్టాలు దెబ్బతింటాయి.

కొత్త బాక్సు మధ్య కనుక్కోవడం సులువు. నెమ్మదిగా ఒక కొసకు తిప్పండి, అక్కడి నుంచి రెండో కొసకు ఎన్ని చుట్లో లెక్కపెట్టండి, అందులో సగం వెనక్కు రండి. ముందు చక్రాలు నేరుగా పెట్టి అప్పుడు డ్రాప్ ఆర్మ్ ఎక్కించాలి. మధ్య తప్పితే ఒక వైపు బండి పూర్తిగా తిరగదు, రెండో వైపు బాక్సు లోపలే కొట్టుకుంటుంది. డ్రాప్ ఆర్మ్ నట్టు టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పినంత బిగించాలి. స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయండి, రూపాయిల దగ్గర పిసినారితనం వద్దు. ఆఖర్న ముందు టైర్ల మధ్య దూరం టేపుతో కొలవండి. వెనక అంచుల కన్నా ముందు అంచులు రవ్వంత దగ్గరగా ఉండాలి. కింద పని చేసేటప్పుడు జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి.

పవర్ స్టీరింగ్ పెట్టిద్దామా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వెడల్పు టైర్లు వేసుకుని ఇసుకలో తిప్పేవాళ్లకు చేతులు నొప్పి పుట్టేది నిజమే. బొలేరో సామాను పాత జీపులకు ఎక్కించేవాళ్లు ఉన్నారు. కానీ బాక్సు ఒక్కటే కాదు, ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు, దానికి బ్రాకెట్టు, ఆయిల్ డబ్బా, పైపులు అన్నీ రావాలి. పంపు వేగం, బాక్సు కొలత కుదరాలి. బాక్సు కూర్చునే చోట ఛాసీకి పట్టీ వేయాలి, ఆ పని చేతకానివాడి చేతిలో పెడితే చీలిక అక్కడే మొదలవుతుంది. పైగా పవర్ ఉంటే అరిగిన జాయింట్ల ఆట చేతికి తెలియదు, కాబట్టి జాయింట్లు ముందు మార్చాకే. చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల మీదే. కంపెనీ కట్టిన దానికి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్లను అడిగాకే చేయి వేయండి. అదే రకం కొత్త బాక్సు వేస్తే ఈ తలనొప్పి ఉండదు. నాకు అది చాలింది.

పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా చెప్తా, ఇది మెకానిక్ చెప్పడు. పురుగు తినే మొత్తం ఆకులో ఎనభై శాతం పైన నాలుగో జ్వరం లేచాకే తింటుంది. ఆ వారంలో బండి విప్పి పెడితే తల మీద ఆకు మోయాల్సిందే. గూళ్లు అమ్మి, షెడ్డు కడిగి మందు కొట్టే రోజుల్లో పెట్టుకోండి. ఇంకో మాట, బ్లీచింగ్ పౌడర్ సంచులు జీపులో తెస్తే కింద టార్పాలిన్ పరవండి. కారిన పొడి తడి తగిలితే ఇనుమును తినేస్తుంది. నా బాక్సు బోల్టుల్లో రెండు విప్పుతుంటే తలలు ఊడిపోయాయి. రిపేరు అయ్యాక గేర్ ఆయిల్ అంటిన బండి వెనకభాగం సబ్బుతో కడిగి, ఎండబెట్టాకే ఆకు వేయండి. ఆయిల్ వాసన పట్టిన ఆకు పురుగుకు పెట్టొద్దు.

కొత్త బాక్సు వేశాక వారం పది రోజులు తిరిగి, అన్ని నట్లూ మళ్లీ ఒకసారి రెంచ్‌తో చూసుకోండి. మీ బండి కింద ఏ జాయింట్ ఆడుతోందో తేలకపోతే, చక్రం ఊపుతూ వీడియో తీసి గ్రూపులో పెట్టండి. చూసి చెప్తాం.