రెండు వరుసల మరమ్మతు

2021 ఏప్రిల్‌లో జర్మనీలోని ఒక వెబ్ హోస్టింగ్ సంస్థకు ఓ ఖాతాదారు నుంచి ఫిర్యాదు వచ్చింది. డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైల్ తెరుచుకోవడం లేదట. లాగ్ ఫైల్ అంటే వెబ్‌సైట్‌కు ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏ పేజీ చూశారో సర్వర్ రాసిపెట్టుకునే చిట్టా. రోజుకొక ఫైల్ తయారవుతుంది. జాగా కలిసొస్తుందని దాన్ని జీజిప్ పద్ధతిలో కుదించి దాస్తారు. అక్కడ పనిచేసే ప్రోగ్రామర్ మాక్స్ కెలర్‌మాన్ ఆ ఫైల్‌ను విప్పి చూస్తే లోపలి సమాచారమంతా సరిగానే ఉంది. ఫైల్ పాడైందో లేదో పోల్చుకోవడానికి చివర్లో వేసే సరిచూపు సంఖ్య ఒక్కటే తప్పు. ఆయన దాన్ని చేత్తో దిద్ది, ఫిర్యాదు మూసేసి, ఆ సంగతే మరిచిపోయాడు. కొన్ని నెలలకు మళ్లీ అలాంటి ఫిర్యాదే. ఆ తర్వాత మరొకటి.

ఈ చిల్లర ఫిర్యాదు తీగ లాగితే కదిలిన డొంక చిన్నది కాదు. లినక్స్ కెర్నల్‌లో, అంటే ప్రపంచంలోని సర్వర్లలో అత్యధిక భాగాన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటినీ నడిపించే సాఫ్ట్‌వేర్‌లో, ఒక పెద్ద కంత బయటపడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్లలోకి మామూలు యూజర్ ఎవరైనా తన రాత ఎక్కించగలడు. దీనికి పెట్టిన పేరు డర్టీ పైప్. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2022-0847.

లినక్స్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దాన్ని ఎలా మొదలుపెట్టాడో చెబుతారు, లేదంటే కొత్త వెర్షన్‌లో ఏమేం వచ్చాయో చెబుతారు. ముప్పై ఏళ్లు దాటినా అది నిలబడి ఉండటానికి కారణం మాత్రం ఈ రెండింటి మధ్య రోజూ జరిగే పని. తప్పు ఎక్కడుందో వెతకడం, దిద్దడం, ఆ దిద్దుబాటును పాత వెర్షన్లకు కూడా చేర్చడం. నాకైతే కొత్త వసతుల కంటే ఈ పనే ఆసక్తిగా ఉంటుంది. డర్టీ పైప్ కథలో అది మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది.

మొదట వెతుకులాట. ఫిర్యాదులు తిరిగి తిరిగి రావడంతో కెలర్‌మాన్ సర్వర్‌లోని లాగ్ ఫైళ్లన్నిటినీ జల్లెడ పట్టాడు. మూడు నెలల ఫైళ్లలో 37 పాడై ఉన్నాయి. మిగతా ఏ తేదీ కంటే నెల ఆఖరి తేదీల్లోనే అవి ఎక్కువ. హార్డ్‌వేర్ చెడిపోతే క్యాలెండర్ చూసి చెడిపోదు కదా. పైగా పాడైన ప్రతి ఫైల్ చివరా అవే ఎనిమిది బైట్లు. అవి గాలివాటుగా వచ్చి పడ్డవి కావు, జిప్ ఫైళ్లలో విషయసూచిక మొదలయ్యే చోట ఉండే గుర్తు అది. జిప్ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు రెండూ ఆ గుర్తు మొదట్లోనే ఉంటాయి. నేటికీ ప్రతి జిప్ ఫైల్ ఆయన సంతకం మోస్తూనే ఉంది.

ఆ సంస్థలో ఒక ప్రోగ్రామ్ నెల మొత్తం లాగ్‌లను ఒకే జిప్‌గా కట్టి ఖాతాదారుకు పంపుతుంది. నెలలోని ఆఖరి రోజు ఫైల్ అయిపోగానే విషయసూచిక పంపుతుంది. నెట్‌వర్క్‌లోకి పోవాల్సిన ఆ సూచిక తొలి బైట్లు ఆఖరి రోజు ఫైల్ తోకలో ప్రత్యక్షమవుతున్నాయి. విచిత్రమేమిటంటే, ఆ ప్రోగ్రామ్‌కు లాగ్ ఫైళ్లను చదివే అనుమతే ఉంది, రాసే అనుమతి లేదు. రాసే హక్కు లేని ప్రోగ్రామ్ చేతి రాత ఫైల్‌లో కనిపిస్తోందంటే, హక్కులు చూసే కెర్నల్‌నే అనుమానించాలి. అనుభవమున్న ప్రోగ్రామర్ ఆ మాట చివరిదాకా అనడు. తన కోడ్‌లో తప్పు ఉంచుకుని కెర్నల్‌ను తిట్టినవాళ్ల కథలు ఈ వృత్తిలో కొల్లలు. కెలర్‌మాన్ కూడా మిగతా దారులన్నీ మూసుకుపోయాకే ఆ నిర్ణయానికొచ్చాడు. వెంటనే రెండు బుల్లి ప్రోగ్రాములు రాశాడు. ఒకటి ఒక ఫైల్‌లో ఒక అక్షరాన్నే మళ్లీ మళ్లీ రాస్తుంది. రెండోది ఆ ఫైల్‌ను పైప్‌లోకి పంపి, దాని వెనకే వేరే అక్షరం రాస్తుంది. కాసేపటికి రెండో ప్రోగ్రామ్ అక్షరాలు మొదటి ఫైల్‌లో తేలాయి. అంతకాలం ఎప్పుడో ఒకసారి కనబడి మాయమవుతున్న బగ్ ఇప్పుడు పిలిస్తే వస్తోంది. బగ్ వేటలో సగం పని ఇదేనని ఈ పని చేసేవాళ్లంతా అంటారు.

ఇంతకీ లోపల ఏం జరిగింది? ఏ ఫైల్‌నైనా చదవమని అడిగితే కెర్నల్ దాన్ని డిస్క్ నుంచి సాధారణంగా 4,096 బైట్ల పేజీలుగా మెమరీలోకి తెచ్చి ఉంచుతుంది. దీన్ని పేజ్ క్యాష్ అంటారు. ఆ తర్వాత అదే ఫైల్‌ను ఎవరడిగినా ఈ ప్రతినే చూపిస్తుంది. పైప్ అనేది ఒక ప్రోగ్రామ్ నుంచి మరో ప్రోగ్రామ్‌కు సమాచారం పోయే మార్గం. అందులో వరుసగా గడులుంటాయి, ఒక్కో గడి ఒక్కో పేజీని చూపుతుంది. పేజీ నిండకపోతే తర్వాత వచ్చే సమాచారాన్ని కూడా అందులోనే కలపవచ్చా లేదా అని చెప్పే ఒక ఫ్లాగ్ ప్రతి గడికీ ఉంటుంది. పైప్ సొంత పేజీ అయితే కలిపినా ఇబ్బంది లేదు. కానీ స్ప్లైస్ అనే సిస్టమ్ కాల్‌తో, అంటే ప్రోగ్రామ్ కెర్నల్‌ను పిలిచే పిలుపుతో, ఫైల్‌ను పైప్‌లోకి పంపినప్పుడు కెర్నల్ నకలు తీయదు. వేగం కోసం పేజ్ క్యాష్‌లోని అసలు పేజీనే గడికి తగిలిస్తుంది. అలాంటి పేజీలో ఇంకేదీ కలపకూడదు, అది ఫైల్ సొత్తు.

గడిని కొత్త పనికి వాడేముందు ఫ్లాగ్‌ను సున్నా చేయాలి. స్ప్లైస్ దారిలో ఆ సున్నా వేసే వరుస లేదు. పాత విందు ఎంగిలి కంచంలోనే కొత్త అతిథికి వడ్డించినట్టు, గడిలో వెనకటి ‘కలపవచ్చు’ అలాగే ఉండిపోయేది. దాన్ని నమ్మి కెర్నల్ తర్వాత వచ్చిన బైట్లను ఫైల్ పేజీలో కలిపేసేది. అది పైప్ పేజీయే అనుకుంటోంది కాబట్టి రాసే హక్కు ఉందా అని అడిగే ప్రశ్నే రాదు. ఖాతాల వివరాలుండే ఫైల్‌లో ఇలా నాలుగు అక్షరాలు మారిస్తే మామూలు యూజర్ ఆ యంత్రానికి యజమాని అయిపోవచ్చు. మార్పు మెమరీ ప్రతిలోనే ఉంటుంది, పేజీ మారిందన్న గుర్తు పడదు. వేరే ఎవరూ ఆ పేజీని తాకకపోతే రీబూట్ చేయగానే జాడ కూడా మిగలదు.

ఈ బగ్ పుట్టుక మరీ ఆసక్తికరం. సున్నా వేయడం మరిచిన కోడ్ 2016లో, 4.9 వెర్షన్‌తో వచ్చింది. అప్పట్లో ఆ మరుపు వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు, ఎందుకంటే కలపవచ్చా లేదా అన్నది ఆ రోజుల్లో ఫ్లాగ్ చూసి తేల్చేవారు కాదు. 2020లో, 5.8 వెర్షన్ కోసం, పైప్ కోడ్‌ను శుభ్రం చేశారు. ఒకే రకం పని చేసే ముక్కలను కలిపేసి, తేడా చెప్పే బాధ్యతను ఫ్లాగ్‌కు అప్పజెప్పారు. ఆ శుభ్రం చేసిన కోడ్‌ను విడిగా చదివితే తప్పు పట్టడానికేమీ లేదు. నాలుగేళ్ల నాటి మరుపు మీద అది వచ్చి పడటంతోనే కంత తెరుచుకుంది. నిర్వహణ అంటే తప్పులు తీసేయడమేనని అనుకుంటాం గానీ, నిద్రపోతున్న తప్పును తట్టి లేపేదీ అదే కావచ్చు. నిజానికి కెర్నల్‌ను పగలూ రాత్రీ పరీక్షించే యంత్రాలున్నాయి. గూగుల్ నడిపే సిజ్‌బాట్ 2017 నుంచి ఇష్టమొచ్చినట్టు పిలుపులు కలిపి కెర్నల్ మీదికి వదులుతూ, ఎక్కడ కుప్పకూలుతుందో చూస్తుంటుంది. డర్టీ పైప్‌తో వచ్చిన చిక్కేమిటంటే ఏదీ కూలలేదు. కెర్నల్ హాయిగా పనిచేస్తూనే తప్పు చోట రాసింది.

ఏ మార్పుతో బగ్ బయటపడిందో తేల్చిన తీరు ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం. డెబియన్ అనే లినక్స్ పంపిణీ పాత విడుదలలోని 4.19 కెర్నల్‌లో బగ్ లేదు, కొత్త విడుదలలోని 5.10లో ఉంది. ఈ రెంటి మధ్య చేరిన మార్పులు, అంటే కమిట్లు, 1,85,011. కమిట్ల చరిత్రనంతా గిట్ అనే సాధనం భద్రపరుస్తుంది. లీనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ పని కోసమే 2005లో రాసిన ప్రోగ్రామ్ అది. అందులో బైసెక్ట్ అనే ఆదేశం ఉంది. సరిగ్గా మధ్యనున్న కమిట్‌ను తీసుకుని కెర్నల్ కట్టి చూడమంటుంది. బగ్ కనిపిస్తే దోషి మొదటి సగంలో ఉన్నట్టు, లేకపోతే రెండో సగంలో. మళ్లీ ఆ సగానికి మధ్య. ఇలా 17 మెట్లలో లక్షా ఎనభై అయిదు వేల మార్పుల్లో దోషి ఒక్కటి చిక్కింది. గణితం సులువే, కానీ మనుషులకు ఒక షరతు ఉంది. ఏ మెట్టు దగ్గర ఆగినా కెర్నల్ కట్టుబడాలి, నడవాలి. ప్రతి మార్పునూ విడి విడి ముక్కలుగా, దేనికది పనిచేసేలా పంపమని కెర్నల్ కోడ్‌ను చూసుకునే మెయింటైనర్లు కొత్తవాళ్లను విసిగించేది ఇందుకే.

కోడ్ తెరిచి ఉండబట్టే ఆ సంస్థలోని ప్రోగ్రామర్ ఇంత లోతుకు వెళ్లగలిగాడు. 2018 ఫిబ్రవరి మన తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చి పంపితే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ ఆ నెల 19నే 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది, జాప్యమేమీ చేయలేదు. కానీ తప్పు ఏ వరుసలో ఉందో, ఎలా దిద్దారో తెలుగు లిపి తెలిసిన ప్రోగ్రామర్‌కైనా చూసే వీలు లేదు. అలాగని తెరిచి పెట్టినంత మాత్రాన తప్పులు వాటంతటవే కనిపించవు. డర్టీ పైప్‌లో లోపించిన వరుస అయిదేళ్లకు పైగా లోకమంతా చూసే చోటే లోపించి ఉంది.

కెలర్‌మాన్ 2022 ఫిబ్రవరి 20న కెర్నల్ భద్రతా బృందానికి తెలియజేశాడు. మర్నాడు గూగుల్ పిక్సెల్ 6 ఫోన్‌లోనూ ఇదే బగ్ ఉందని నిర్ధారించుకుని ఆండ్రాయిడ్ బృందానికి కూడా చెప్పాడు. అదే రోజు ప్యాచ్, అంటే దిద్దుబాటు కోడ్, పంపాడు. ఆ ప్యాచ్ మొత్తం రెండు వరుసలు. గడి తయారయ్యే రెండు చోట్లా ఫ్లాగ్‌లో సున్నా వేయడం, అంతే. దాంతో జతచేసిన వివరణలో కొంప మునుగుతుందన్న హెచ్చరికేమీ లేదు, ఫ్లాగ్‌కు తొలి విలువ ఇవ్వడం లోపించిందని మాత్రమే ఉంది. లోపం తీవ్రతను బయటపెట్టింది మార్చి 7న, దిద్దుబాటు విడుదలైన పన్నెండు రోజులకు. కెర్నల్‌లో భద్రతకు సంబంధించిన మరమ్మతులు చాలావరకు ఇలా మామూలు మరమ్మతుల గుంపులో కలిసే వెళ్తాయి. ఏ బగ్ ఎంత ప్రమాదకరమో ముందే చెప్పడం కష్టం, కాబట్టి అన్నీ దిద్దండి, దిద్దినవన్నీ తీసుకోండి అన్నది అక్కడి వాదన. అప్‌డేట్ వేయాలా వద్దా అని తూకం వేసుకునే సంస్థలకు ఈ పద్ధతి నచ్చదు. కానీ ఈ విషయంలో నేను కెర్నల్ వాళ్ల పక్షమే.

ఫిబ్రవరి 23న ఒకేసారి మూడు వెర్షన్లు వచ్చాయి: 5.16.11, 5.15.25, 5.10.102. మూడో అంకెను గమనించండి. మొదటి రెండు అంకెలు కొత్త విడుదలవి, తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. మూడోది మరమ్మతుల లెక్క. 5.10 పుట్టింది 2020 డిసెంబర్‌లో, అంటే పద్నాలుగు నెలల్లో 102 మరమ్మతు విడుదలలు, సగటున నాలుగైదు రోజులకు ఒకటి. స్టేబుల్ అని పిలిచే ఈ శాఖ 2005లో మొదలైంది. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అప్పటి నుంచీ దాన్ని చూస్తున్నాడు. దాని నియమాలు కటువైనవి. దిద్దుబాటు ముందు టోర్వాల్డ్స్ ప్రధాన కెర్నల్‌లో చేరి ఉండాలి, నిజమైన బగ్‌ను సరిచేయాలి, చుట్టుపక్కల వరుసలతో కలిపి వంద వరుసలు మించకూడదు. బాగుంటుందని చేసే సోకులకు అక్కడ చోటు లేదు. ఏ కమిట్ తెచ్చిన తప్పును దిద్దుతున్నామో ప్యాచ్‌లో రాస్తే, ఏయే పాత వెర్షన్లకు ఆ మందు అవసరమో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకో డర్టీ కౌ అనే మరో కెర్నల్ లోపం చరిత్ర చెబుతుంది. మెమరీ పేజీల నకలు తీసే కోడ్‌లో ఒక తప్పును టోర్వాల్డ్స్ స్వయంగా 2005లో సరిచేశాడు. ఆ దిద్దుబాటు ఐబీఎం ఎస్390 మెయిన్‌ఫ్రేములకు ఇబ్బంది తేవడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అసలు తప్పు అక్కడే ఉండిపోయింది. 2016లో ఫిల్ ఓస్టర్ అనే వ్యక్తి తన సర్వర్‌కు వచ్చే రాకపోకలను రికార్డు చేసి చూస్తుండగా, ఎవరో ఆ కంతలోంచే చొరబడిన ఆనవాళ్లు దొరికాయి. పదకొండేళ్ల కిందట తానే సరిగా దిద్దలేకపోయానని టోర్వాల్డ్స్ కొత్త ప్యాచ్‌లో రాశాడు. ఆ ప్యాచ్ కూడా పెద్ద పేజీల విషయంలో అసంపూర్ణమని 2017లో తేలి, దానికి మరో ప్యాచ్ వేయాల్సి వచ్చింది.

డర్టీ పైప్ ప్యాచ్‌ను ఫిబ్రవరి 24కల్లా గూగుల్ ఆండ్రాయిడ్ కెర్నల్‌లో చేర్చుకుంది. జనం చేతుల్లోని ఫోన్లకు చేరడానికి మాత్రం వారాలు, కొన్నిటికి నెలలు పట్టింది. చిప్ తయారీదారు, ఫోన్ తయారీదారు ఎవరికి వారు తమ కెర్నల్‌లో కలిపి, పరీక్షించి, విడుదల చేయాలి మరి. ఈసారి పాత ఫోన్లవాళ్లు బతికిపోయారు. 4.14, 5.4 లాంటి పాత కెర్నల్ ఉన్నవాటిలో 2020 నాటి శుభ్రత చేరలేదు, కనుక ఆ కంత వాటిలో తెరుచుకోలేదు. ప్రమాదం ముఖ్యంగా అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఖరీదైన మోడళ్లకు. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘ఫోన్ గురించి’ అన్న చోట వెతికితే కెర్నల్ వెర్షన్ కనిపిస్తుంది. అక్కడ 5.10 అని ఉంటే దాని మూడో అంకె కూడా చూడండి. ఆ శాఖకు 2026 డిసెంబర్ వరకు మరమ్మతులు చేస్తామని మాట ఇచ్చారు. ఆ మూడో అంకె ఇప్పటికే 200 దాటిపోయింది.