ఆష్విట్జ్ జ్ఞాపకాల్లో 'ముసల్మాన్' అంటే ఎవరు?

ప్రిమో లెవీ పుస్తకం చదివే ముస్లిం పాఠకుడు ఒక మాట దగ్గర తప్పకుండా ఆగిపోతాడు. ఆష్విట్జ్ క్యాంపులో ఇక బతకడని అందరూ వదిలేసిన మనిషిని తోటి ఖైదీలు ఏమని పిలిచేవారో లెవీ అక్కడ రాశారు. ఆ పేరు 'ముసెల్‌మన్'. జర్మన్ భాషలో దానికి అర్థం ముసల్మాన్ అనే.

హిట్లర్ మనుషులు యూదుల్ని చంపిన చోట ముస్లింల పేరు ఎందుకొచ్చింది? అదీ చావుకి దగ్గరైన మనిషికి పెట్టిన పేరుగా?

లెవీ ఇటలీలోని టూరిన్‌కి చెందిన కెమిస్టు. 1944 ఫిబ్రవరిలో ఆయన్ని 650 మందితో కలిపి సరుకుల రైల్లో ఆష్విట్జ్‌కి తోలారు. వాళ్లలో ఇళ్లకి తిరిగొచ్చింది పాతికమంది లోపే. చేతి మీద పొడిచిన 174517 నంబరే ఆయన పేరైపోయింది. 1945 జనవరి 27న రష్యా సైన్యం వచ్చేదాకా అక్కడే ఉన్నారు.

ఆకలి ముదిరి, నడుం వంగిపోయి, కొట్టినా ఉలకని స్థితికొచ్చినవాడే ముసెల్‌మన్. రొట్టె ముక్క కోసం కూడా పోటీ పడడు. అలాంటివాడితో ఎవరూ మాట్లాడరు, కొన్ని వారాల్లో ఉండడని తెలుసు కాబట్టి. ఆ పేరు ఎందుకొచ్చిందో తనకీ తెలియదనే లెవీ రాశారు. తర్వాత పరిశోధకులు రెండు కారణాలు చెప్పారు. చలికి ముడుచుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్న మనిషి దూరం నుంచి నమాజులో ఉన్నట్టు కనిపించాడని ఒకటి. ముస్లింలు అన్నీ తక్దీర్‌కి వదిలేసి కూర్చుంటారనే యూరప్ వాళ్ల పాత దురభిప్రాయం రెండోది. రెండో కారణంలో ఇస్లాం గురించి తెలిసింది సున్నా. ఆకలితో చస్తున్నవాళ్లకి కూడా ఆ దురభిప్రాయం ఎక్కడినుంచో అంటుకుంది. వేరే క్యాంపుల్లో ఇదే స్థితికి వేరే పేర్లున్నాయి.

కోపం రావడం సహజమే. కానీ పుస్తకం మూసెయ్యకుండా ఇంకో పది పేజీలు చదివితే కోపం పక్కకి పోతుంది. కారణం లెవీ రాసిన తీరు. అరవై లక్షల మంది అన్న అంకె బడి పుస్తకంలోనూ ఉంటుంది, చదివి పరీక్ష రాసి మర్చిపోవచ్చు. లెవీ చెప్పేది బూట్ల సంగతి. క్యాంపులో కాలికి సరిపోని చెక్క బూట్లు విసిరేసేవారు. కాలు ఒరుసుకుని పుండు పడుతుంది, పుండుతో నడక నెమ్మదిస్తుంది, నెమ్మదిగా నడిచినవాడు దెబ్బలు తింటాడు, తర్వాత ఏరివేతలో పోతాడు. చావు బూట్ల దగ్గరే మొదలయ్యేదని ఆయన లెక్క. ఇది చదివినవాళ్లు అరవై లక్షల్ని ఇక అంకెగా చూడలేరు. బతికి వచ్చినవాళ్ల పుస్తకాలు పాఠకుడి మీద చేసే పని ముఖ్యంగా ఇదే.

ఆ పని వెంటనే జరగలేదు. లెవీ పుస్తకాన్ని ఇటలీలో పెద్ద ప్రచురణ సంస్థ మొదట వద్దంది. 1947లో ఓ చిన్న సంస్థ 2,500 కాపీలు వేస్తే అవీ పూర్తిగా అమ్ముడు పోలేదు. వద్దన్న సంస్థే 1958లో మళ్లీ అచ్చు వేశాక జనం చదివారు. ఎలీ వీజెల్ పుస్తకం 1956లో యిద్దిష్‌లో, 1958లో ఫ్రెంచిలో, 1960లో ఇంగ్లీషులో వచ్చింది. దానికీ మొదట్లో అంతంతమాత్రమే గిరాకీ. యుద్ధం అయిపోయింది, ఇక ఆ ఊసెందుకు అన్నట్టుంది అప్పటి లోకం.

విక్టర్ ఫ్రాంక్ల్ పుస్తకం గతి వేరు. అది పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అలమరలోకి చేరిపోయింది. కష్టాల్లో ధైర్యం తెచ్చుకోవాలని కుర్రాళ్లు చదువుతారు, మంచిదే. కాకపోతే ఆయన తల్లి, తండ్రి, అన్నదమ్ముడు, భార్య ఆ క్యాంపుల్లోనే పోయారన్నది మర్చిపోయి చదివితే సగం పుస్తకమే చదివినట్టు.

ఇక ప్రతి ముస్లిం ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటుంది. పాలస్తీనాలో అంత జుల్మ్ జరుగుతుంటే యూదుల కష్టాలు ఎందుకు చదవాలి? ఈ ప్రశ్నకి లెవీ జీవితంలోనే కొంత జవాబుంది. 1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ మీదికి వెళ్లినప్పుడు, దాన్ని వెనక్కి తీసుకోవాలని సంతకాలు చేసినవాళ్లలో ఆయన ఒకరు. అవతలి వైపు చూస్తే, 2001లో హోలోకాస్ట్ జరగనే లేదని వాదించేవాళ్లు బేరూత్‌లో సభ పెట్టబోయారు. 14 మంది అరబ్ రచయితలు, మేధావులు దాన్ని ఖండించారు. అందులో పాలస్తీనా కవి మహమూద్ దర్వేష్ ఉన్నారు, ఎడ్వర్డ్ సయీద్ ఉన్నారు. పాలస్తీనా బాధ నిజమని చెప్పడానికి ఇంకొకరి బాధ అబద్ధమని వాదించాల్సిన అవసరం వాళ్లకి కనిపించలేదు. ముస్లింలు ఎక్కువగా ఉండే అల్బేనియాలో యుద్ధ కాలంలో ఎందరో యూదుల్ని ఇళ్లలో దాచి కాపాడారు. జెరూసలేం ముఫ్తీ 1941లో హిట్లర్‌ని కలిసిన మాటా చరిత్రలో ఉంది. రెండూ తెలుసుకోవాల్సినవే.

నెల్లూరు తీరంలోని కుటుంబాలకి సాక్ష్యం అన్నమాట కొత్త కాదు. మొహర్రం వస్తే స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి జనం పోటెత్తుతారు. కర్బలా సంగతులు లోకానికి చేరింది కూడా బతికి మిగిలిన హజ్రత్ జైనబ్ (ర.అ.) లాంటివాళ్ల నోటి నుంచే. అరబీలో షాహిద్ అంటే సాక్షి, షహీద్ అంటే ప్రాణం ఇచ్చినవాడు. రెండు మాటలకీ ధాతువు ఒకటే. 1986లో వచ్చిన పుస్తకంలో లెవీ దీనికి చాలా దగ్గరి మాట అన్నారు. తనలా బతికొచ్చినవాళ్లు అసలైన సాక్షులు కారట. అట్టడుగు దాకా వెళ్లి తిరిగిరాని ముసెల్‌మన్‌లే పూర్తి సాక్షులట. వాళ్లు చెప్పలేరు కాబట్టి వాళ్ల తరఫున తాను మాట్లాడుతున్నానన్నారు. పుస్తకం మొదట్లో మనసుని గుచ్చిన పేరు ఇది చదివాక ఇంకోలా వినిపిస్తుంది.

ఇలాంటి పుస్తకాలు చదివినవాళ్లు సొంత ఇంటి పెద్దల వైపు తిరగడం మామూలే. 1948లో నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది, పోలీస్ యాక్షన్ దెబ్బ ఈ తీరానికి తగల్లేదు. హైదరాబాద్ సంస్థానంలో తగిలింది. అక్కడికి వెళ్లొచ్చిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికని అప్పటి ప్రభుత్వం ప్రచురించలేదు. ఆనాడు ఉస్మానాబాద్ కలెక్టరుగా ఉన్న మహమ్మద్ హైదర్ జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చింది 2012లో. కలెక్టర్లు రాసుకోగలరు. రాయడం రాని కుటుంబాల సంగతులు మాత్రం ఉంటే పెద్దల నోట్లోనే ఉన్నాయి. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకి ఇప్పుడు ఎనభై ఐదు దాటాయి.