ఓడెక్కని ఇంటిపేరు

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో నాగులేటి ఒడ్డు కిటకిటలాడిపోతుంది. పల్నాటి వీరుల పేర ఐదు రోజులు జరిగే ఉత్సవాలకు ఎక్కడెక్కడి నుంచో వీరాచారవంతులు తరలివస్తారు. తాతముత్తాతల కాలం నుంచి ఇంట్లో పూజించుకుంటున్న కొణతాలను తెచ్చి, నాగులేట్లో స్నానం చేయించి, వీర్లగుడికి తీసుకెళతారు. ఫలానా వీరుడి ఆయుధం తమ ఇంట ఉందని గర్వంగా చెప్పుకుంటారు. ఎనిమిది వందల ఏళ్లనాటి యుద్ధంలో ఎవరు ఎవరి పక్షాన నిలిచారో ఇప్పటికీ మరచిపోని నేల ఇది.

మరి, నూటయాభై ఏళ్ల కిందట ఓడెక్కి వెళ్లిపోయిన తెలుగు కూలీలు ఎవరింటివాళ్లో చెప్పగలమా? వాళ్ల మునిమనవలు దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో, ఫిజీలో ఉన్నారు. 'ఇంతకీ మాది ఏ ఊరు?' అని వెతుక్కుంటున్నారు.

ఐదేళ్లని వెళ్లి...

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కరవయ్యారు. తోటల యజమానుల చూపు మనదేశం మీద పడింది. 1834 నుంచి మారిషస్‌కు వలస ఊపందుకుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911 వరకూ అక్కడి నటాల్ తోటలకు వెళ్లినవాళ్లు లక్షా యాభైరెండు వేల పైచిలుకు. అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసులో ఓడెక్కినవారే. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి. పదమూడేళ్లలో పదిహేను వేలమంది వెళ్లారు. ఒప్పందం ఐదేళ్లే. 'అగ్రిమెంట్' అన్న మాట నోరు తిరగక 'గిర్మిట్' అయింది. గడువు తీరాక తిరిగొచ్చినవాళ్లు కొందరు. అక్కడే ఉండిపోయినవాళ్లు ఎందరో!

తెలుగువాళ్లలో ఎక్కువమంది విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్లు. కృష్ణా, గుంటూరు పేర్లు అక్కడక్కడా కనిపిస్తాయి.

అన్నీ రాశారు... అదొక్కటి తప్ప!

ఇలా వెతుక్కునేది మనవాళ్లే కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఐర్లాండ్ నుంచి ఎంతోమంది కూలి ఒప్పందాల మీదే అమెరికా వలసలకు వెళ్లారు. వాళ్ల వారసులూ పాత కాగితాలు తిరగేస్తున్నారు. కానీ 1922లో డబ్లిన్‌లోని రికార్డుల కార్యాలయం తగలబడి శతాబ్దాల పత్రాలు బూడిదయ్యాయి.

ఆ లెక్కన మనవాళ్ల రాత కాస్త మంచిదే. నటాల్ ఓడల జాబితాలు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి. మారిషస్ దస్త్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. నటాల్ జాబితాలో ప్రతి కూలీకీ ఓ నంబరు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు... చివరికి ఒంటిమీది మచ్చలు కూడా!

లేనిదల్లా ఇంటిపేరు.

మనకు ఇంటిపేరే చిరునామా. సంబంధం కలుపుకోవాలన్నా, 'మీరు మాకేమవుతారు?' అని ఆరా తీయాలన్నా ముందు అడిగేది అదే. గుమాస్తా పట్టికలో దానికి గడి లేదు. రెండో తరానికి తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. 'అప్పలస్వామి' ఓ కుటుంబానికి ఇంటిపేరైంది. ఇంకెందరికో కులాన్ని చెప్పే 'నాయుడు', 'రెడ్డి' మిగిలాయి.

గురజాల ఏ జిల్లా?

జాబితా దొరికినా చిక్కుముడి వీడదు. గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేశారు. పల్నాడు, నరసరావుపేట ప్రాంతాలు కృష్ణా జిల్లాలో కలిశాయి. 1904లో మళ్లీ గుంటూరు జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడే ఓ జిల్లా. అంటే, 1890లో గురజాల నుంచి ఎవరైనా ఓడెక్కి ఉంటే కాగితంలో 'కృష్ణా' అని ఉండాలి. వాళ్ల మనవడు పల్నాడు జిల్లా కోసం వెతికితే ఏం దొరుకుతుంది? పైగా గుమాస్తా చెవికి ఎలా వినపడితే ఊరి పేరు అలా రాసేవాడు.

అలాంటప్పుడు పేర్లే ఆనవాళ్లు. అప్పన్న, అప్పలస్వామి అంటే మనసు సింహాచలం వైపు వెళుతుంది. కోటయ్య, కోటమ్మ అంటే నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ గుర్తొస్తుంది. చెన్నయ్య, చెన్నకేశవులు అంటే మాచర్ల గుడి. ఇవి రుజువులు కావు. ఎటు వెతకాలో చెప్పే గుర్తులు, అంతే.

నాలుగో గడి

ఇక్కడి పాత భూమి రికార్డుల్లో పట్టాదారుల పేర్లు ఉంటాయి. కానీ ఓడెక్కినవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. లేని భూమికి పట్టా ఎక్కడిది? కాగితం ఆగిపోయిన చోట మనిషి జ్ఞాపకమే దిక్కు. ఊరూరా తిరిగి గోత్రాలు, వంశాలు చెప్పే వంశరాజులు ఉన్నారు. ఒకప్పుడు వాళ్లను పిచ్చగుంట్లవారు అనేవారు. అయితే వాళ్లు చెప్పేదీ కొన్ని కులాల వంశావళే. మిగతావాళ్లకు ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలే గ్రంథాలయాలు.

అందుకే ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు ఓ మాట అడిగి చూడండి. 'మన ఇంట్లో ఎప్పుడైనా ఎవరైనా దేశాంతరం పోయి తిరిగి రాలేదా?' అని. ఎవరి పేరైనా చెబితే ఓ పుస్తకంలో రాసిపెట్టండి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరు.

మొదటి మూడూ డర్బన్ జాబితాలో ఉండొచ్చు. నాలుగోది మాత్రం మన దగ్గరే ఉంది.