చదువు అప్పు – మాఫీ మాట

సాగరు ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ చెంతనో, కోదాడ చెంతనో వరి పండించు రైతు, కుమార్తె ఇంజనీరింగు చదువునకు బ్యాంకులో అప్పు తెచ్చెననుకొందము. పంట అప్పు రద్దయినది గదా, చదువు అప్పును రద్దగునని ఆయన వాయిదాలు కట్టుట మానివేసినచో ఏమగును? సూర్యాపేట బజారులో చిన్న దుకాణము నడుపుకొను తండ్రికిని ఈ సందేహమే కలుగవచ్చును.

2008లో కేంద్ర ప్రభుత్వము, 2024లో తెలంగాణ ప్రభుత్వము చేసిన మాఫీలు వ్యవసాయ ఋణములకు మాత్రమే చెందినవి. విద్యాఋణము వానిలో చేరలేదు. అమెరికాలో పది సంవత్సరములు ప్రజాసేవలో నుండి వాయిదాలు చెల్లించినవారికి మిగిలిన ప్రభుత్వ విద్యాఋణమును రద్దుచేయు చట్టము 2007లో వచ్చినది. మనకట్టి చట్టము లేదు. అయినను భారము తగ్గించుకొను మార్గములు లేకపోలేదు.

మొదటిది వడ్డీ రాయితీ. కుటుంబ వార్షికాదాయము 4.5 లక్షల రూపాయలకు మించని విద్యార్థులు స్వదేశమున గుర్తింపు పొందిన సంస్థలలో వృత్తి, సాంకేతిక విద్యలు చదివినచో, చదువుకాలమునకును ఆపై ఒక సంవత్సరమునకును వడ్డీని కేంద్రమే భరించు పథకము 2009–10లో ఆరంభమైనది. 2024 నవంబరులో ఆమోదము పొందిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము, 8 లక్షల వరకు ఆదాయముగల కుటుంబములకు, ఎంపికచేసిన ఉన్నత విద్యాసంస్థలలో చదువునకు, 10 లక్షల వరకు ఋణముపై 3 శాతము వడ్డీ రాయితీని కల్పించినది. ఆదాయ ధ్రువపత్రమును సకాలమున బ్యాంకునకు అందజేయవలెను. అనారోగ్యము వంటి కారణము లేక చదువు నడుమ మానినచో రాయితీ దక్కదు.

రెండవది వాయిదాల సవరణ. ఉద్యోగము దొరకనిచో వాయిదా తప్పకమునుపే బ్యాంకునకు వ్రాతపూర్వకముగా తెలిపి గడువు పెంచుమని కోరవలెను. బాకీ 90 దినములు దాటినచో ఖాతా నిరర్థక ఆస్తియగును. తండ్రియు సహఋణగ్రహీతయే గనుక ఆయన పరపతియు దెబ్బతినును. రేపు తన అవసరమునకు అప్పు పుట్టుట కష్టమగును.

మూడవది రాజీ. బ్యాంకు అంగీకరించినచో కొంత మొత్తముతో బాకీ తీరవచ్చును. 1987 నాటి చట్టము ననుసరించి లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలము కలదు. దానిపై అప్పీలు లేదు. కావున షరతులను చదువుకొనియే సంతకము చేయవలెను. రాజీ జరిగినట్లు పరపతి చరిత్రలో నమోదగునని మరువరాదు.

బ్యాంకు తన పుస్తకములలో బాకీని కొట్టివేసినదని విని సంతోషింపరాదు. అది లెక్కల సర్దుబాటే గాని మాఫీ కాదు. వసూలు హక్కు బ్యాంకునకు నిలిచియే యుండును. మాఫీ చేయించెదనని రుసుము నడుగు మధ్యవర్తిని గడప తొక్కనీయకుడు. వాయిదా తప్పకమునుపు బ్యాంకు గడప తొక్కుటయే మేలు.