కొలతలచే కలుగు దశా పరివర్తనము

నీరు చలికి గడ్డకట్టుటయు, సెగకు ఆవిరియగుటయు బాలురెల్ల నెఱిగిన విషయములే. వేడిమితో పనిలేక, కేవలము కొలుచుటచేతనే దశ మాఱుట గలదని మేము చెప్పినచో కొందఱు నవ్వుదురేమో! 2018, 2019 సంవత్సరములలో స్కిన్నర్, రూమన్, నహుమ్ అను శాస్త్రజ్ఞులును, లీ, చెన్, ఫిషర్ అనువారును గణితముచే దీనిని తేల్చిరి.

జ్వరమానిని నాలుక క్రింద నుంచినంతమాత్రమున రోగి జ్వరము తగ్గదు. క్వాంటము లోకమున నట్లు కాదు. అచట నొక కణము రెండు స్థితులను కలుపుకొని యుండగలదు. కొలిచిన తోడనే యొకదానియందు నిలిచిపోవును. అది యేదియగునో ముందుగ నెవ్వరును చెప్పజాలరు. అట్టి కణములు పెక్కు ఒకదానిపై నొకటి పనిచేయుచుండిన, వాని స్థితులు పెనవేసికొనిపోవును; ఏ యొక్కదానిని విడిగ వర్ణింప వీలుపడదు. కొలత యా పెనవేతను త్రెంచును.

ఒకడు వల యల్లుచుండగా వేఱొకడు వెనుకనుండి ముడులు కోయుచున్నాడనుకొనుడు. కోత అరుదైనచో వల నిలుచును. ఒక మితి దాటెనా, తునుకలై రాలును. ఆ శాస్త్రజ్ఞులు కనుగొనిన మార్పు ఇట్టిదే.

దీనిని ప్రయోగశాలలో చూచుట యెట్లు? చిక్కంతయు నిచ్చటనే యున్నది. కొలతకు రెండేసి ఫలితములు రాదగినవైనచో, 30 కొలతలకు ఫలితముల వరుసలు 100 కోట్లకు మించును. ఒకే వరుస మరల వచ్చువఱకు ఎవరు వేచియుండగలరు? అన్నిటిని కలిపి సరాసరి చూచితిమా, మార్పు జాడయే కానరాదు.

కావున కొందఱు, ఫలితమును చూచి వెంటనే దిద్దు పద్ధతిని చేపట్టిరి. ఈ విద్యకు చక్కని పూర్వోదాహరణము పారిస్ నగరమున సెర్జ్ హరోష్ బృందమువారు 2011లో ప్రకటించిన ప్రయోగము. ఎదురెదురుగ నుంచిన రెండద్దముల నడుమ సూక్ష్మతరంగములను బంధించి, పరమాణువులను ఒకదాని వెనుక నొకటి పంపి, లోనున్న వెలుగు కణముల, అనగా ఫోటానుల, సంఖ్యను మెల్లమెల్లగ కొలిచిరి. సంఖ్య తప్పినదని తెలిసిన తోడనే యంత్రము లెక్కకట్టి, కొంచెము తరంగమును లోనికి పంపి, కోరిన సంఖ్యను మరల నిలిపెను. ఎంతటి నేర్పు!

పెక్కు కణములయందిట్లు కొలిచి దిద్దుచుండిన, కొలతలు చాలనంతకాలము కల్లోలమే. హద్దు మీఱగనే యన్నియు కోరిన స్థితికి చేరి యందే నిలుచును. ఈ మార్పు సరాసరిలోనే కానవచ్చును. అయితే యిదియు, పెనవేత తెగు మార్పును ఒక్కటే యని తలంచుట తొందరపాటు. రెండు హద్దులును వేర్వేఱుగ నుండవచ్చునని తరువాతి పరిశోధనలు చూపినవి.

2023లో గూగుల్ పరిశోధకులు తమ క్వాంటము గణనయంత్రమున 70 క్యూబిట్ల వఱకు వాడి, పెనవేత మార్పు చిహ్నములను కనిరి. అట్టి యంత్రములకు పెనవేతయే మూలధనము. కాని వానిలోని తప్పులను పట్టుటకు కొలువక తప్పదు. ఇష్టమువచ్చినట్లు కొలిచినచో మూలధనమే పోవును. దేనిని కొలిచి, దేనిని ముట్టక విడువవలెనో నిర్ణయించుటయే ఆ శిల్పులకు పెద్దపని యైనది.