ఈజీ95

పేరు చూసి పెట్రోలు రకమేదో అనుకోకండి, ఇదొక టీకా. గొర్రెల కోసం పుట్టి, చిన్న కంగారూల్లాంటి వాలబీల దాకా వెళ్లింది.

దీని గురి ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు. పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. కుక్కలు, ఆస్ట్రేలియా అడవి కుక్కలైన డింగోల పేగుల్లో హాయిగా బతుకుతుంది. మలంతో పాటు దాని గుడ్లు గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన జంతువు ఒంట్లో నీటితిత్తులు పెరుగుతాయి. గొర్రెల్లో చాలావరకు పైకేమీ తెలియదు. ఆస్ట్రేలియా వాలబీ సంగతి వేరు. దాని చిన్న ఛాతీలో తిత్తి ఉబ్బితే ఊపిరితిత్తులకు చోటుండదు. రొప్పుతూ వెనకబడి డింగోకు చిక్కుతుంది. ఆ తిత్తి తిన్న డింగో కడుపులో మళ్లీ కొత్త పురుగులు. అంతరించే ముప్పున్న రాతి వాలబీలకు ఇదే భయం.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మార్షల్ లైటౌలర్స్ బృందం, పిల్లపురుగు ఒంటిమీది ప్రొటీన్‌ను బాక్టీరియాలో తయారుచేసి ఈ టీకాను రూపొందించింది. గుడ్డు పగిలి పిల్లపురుగు బయటికి రాగానే యాంటీబాడీలు దాని పని పడతాయి. టామర్ వాలబీలపై పరీక్షిస్తే రక్షణ చాలా బాగా కనిపించింది.

చిక్కల్లా సూది దగ్గరే. మొదటి డోసుకు పట్టుకున్న వాలబీనే బండల మధ్య వెతికి రెండో డోసుకూ పట్టుకోవాలి! సూదికి బదులు ఎరలో పెట్టి తినిపించవచ్చుగా అంటారా? జర్మనీలో నక్కలకు అలా ఎరల్లో పెట్టి వేసిన ప్రాజిక్వాంటెల్ టీకా కాదు, మందు. ఉన్న పురుగును చంపుతుందే తప్ప మళ్లీ సోకకుండా ఆపదు.

పందుల బద్దెపురుగుకు ఇదే పద్ధతిలో లైటౌలర్స్ బృందం రూపొందించిన టీకాను హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది.